కోన్‌ల నడుమ డెబ్బయ్యేళ్లు

కోన్ ఒకటి పడితే రెండు సెకన్లు. అమెరికా ఆటోక్రాస్‌లో లెక్కలన్నీ ఇక్కడే మొదలవుతాయి. పరుగు మొత్తం నిమిషం అటూ ఇటూ. ఫలితాల పట్టికలో సెకనును వెయ్యో వంతు దాకా రాస్తారు. మొదటి స్థానానికీ మూడో స్థానానికీ మధ్య ఒక్కోసారి రెప్పపాటు కూడా ఉండదు. అలాంటిచోట రెండు సెకన్లు పోయాయంటే ఇక ఆ పరుగు సంగతి మరిచిపోవచ్చు. ఖాళీ పార్కింగ్ స్థలంలోనో, పాత విమానాశ్రయపు కాంక్రీటు మీదో, నారింజ రంగు కోన్‌లు పేర్చి గీసిన దారిలో ఒకరి తర్వాత ఒకరు గడియారంతో పోటీపడతారు. కారు చాలావరకు రెండో గేరు దాటదు. వేగం గంటకు 100 కిలోమీటర్లు మించడం అరుదు. శుక్రవారం దాకా ఆఫీసుకు తీసుకెళ్లిన కారే ఆదివారం పోటీకి వస్తుంది. ఇదే పేరుతో బ్రిటన్‌లో జరిగేది గడ్డి నేల మీద, మన దేశంలో జరిగేది ఎక్కువగా మట్టి మీద. వాటి సస్పెన్షన్ కథ వేరు. ఇక్కడ చెప్పబోయేది తారు, కాంక్రీటుల కథ.

ఈ ఆటలోకి దిగినవాళ్లందరూ రెండో నెలకల్లా ఒకటే ప్రశ్న అడుగుతారు. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి? స్ప్రింగుల మీదా, షాకబ్జర్ల మీదా, యాంటీరోల్ బార్ మీదా? ఒక్కో తరం దీనికి ఒక్కో జవాబు చెప్పింది. వెనక్కి తిరిగి చూస్తే నాకు తోచేది ఇది: చాలాకాలం జనం కంటికి కనిపించే దోషానికే మందు వేశారు. మలుపులో కారు ఒరగడం కనిపిస్తుంది, టైరు పట్టు సడలడం కనిపించదు. అందుకే ఒరగకుండా బిగించారు. ఆ బిగింపు మోజులోంచి బయటపడడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. బయటపడేసిన ఘనతలో సగం ఇంజినీర్లది కాదు, నిబంధనల పుస్తకానిది.

స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944లో పుట్టింది. యుద్ధం ముగిశాక ఇంగ్లండు నుంచి తిరిగొచ్చిన సైనికుల మోజు ఎంజీ టీసీ అనే చిన్న కారును అమెరికాకు తెచ్చింది. 1945 నుంచి 1949 దాకా తయారైన కారది. ముందూ వెనకా గట్టి ఇరుసులు, వాటి కింద పట్టీల స్ప్రింగులు. మన షెడ్లలో కమాను కట్టలంటారే, అవే. జట్కాబండికీ ఆ కారుకీ సస్పెన్షన్‌లో పెద్ద తేడా లేదంటే ఎంజీ అభిమానులు నొచ్చుకుంటారు గాని, సూత్రం మాత్రం అదే. కాకపోతే జట్కాకు షాకబ్జర్ లేదు, టీసీకి ఉంది. ఇరుసు కదిలినప్పుడల్లా ఒక లివరు తిరిగి, చిన్న డబ్బాలోని నూనెను సన్నటి రంధ్రంలోంచి నెట్టే రకం.

నూనెకు ముందు రాపిడి ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ట్రుఫో, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ పేర్లమీద నడిచిన షాకబ్జర్లు నిజానికి కత్తెరలాంటివి. రెండు చేతుల మధ్య బిళ్లలు, వాటిని నొక్కిపట్టే ఒక నట్టు. నట్టు బిగిస్తే గట్టి, వదిలితే మెత్తన. ఔత్సాహికుడు చేతిలో స్పానరుతో చేసుకున్న మొదటి సస్పెన్షన్ సర్దుబాటు బహుశా అదే. దాని గుణం మాత్రం తలకిందులు. చిన్న గతుకుకు మొరాయించి అసలు కదలదు, పెద్ద కుదుపుకు సరిపడా ఆపదు. ఎంత వేగంగా కదిలినా రాపిడి బలం దాదాపు ఒకటే. నూనె అలా కాదు. నెమ్మదిగా కదిపితే దారి ఇస్తుంది, విసురుగా కదిపితే ఎదురు తిరుగుతుంది. ఈ తేడా తెలిసిన టీసీ యజమానులు డబ్బాలో చిక్కటి నూనె పోసి చూశారు. చవకలో అయిపోయే పని. ఈనాటికీ పాత ఎంజీల వాళ్లు చేస్తూనే ఉన్నారు.

క్లబ్బుల ఆట పార్కింగ్ స్థలాలకు చేరేనాటికే డెట్రాయిట్‌లో అసలు సిద్ధాంతం తయారై ఉంది. కాని అది క్లబ్బులదాకా రాలేదు. మారిస్ ఓలీ అనే ఇంగ్లిషు ఇంజినీరు 1930లో రోల్స్ రాయిస్ వదిలి కాడిలాక్‌కు వచ్చాడు. ముందూ వెనకా బరువులు జరుపుకొనే వీలున్న ఒక ప్రయోగపు కారు కట్టి, మనుషుల్ని ఎక్కించి తిప్పి, ఏ అమరికలో ఒళ్లు హూనం కాదో వెతికాడు. 1934 జనరల్ మోటార్స్ కార్లలో ముందు చక్రాలు రెండూ విడివిడిగా కదలడం ఆ పని ఫలమే. ఆటోక్రాస్‌వాళ్లకు ఆయన ఇచ్చిన అసలు కానుక మాటలు. అండర్‌స్టీర్, ఓవర్‌స్టీర్ అన్న పదాలను చలామణీలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. స్టీరింగు తిప్పినా ముందుభాగం తిన్నగా పోతే ఒకటి, వెనకభాగం ముందుకు రాబోతే ఇంకొకటి. అప్పటిదాకా ‘కారు మాట వినడం లేదు’ అని ఊరుకున్నవాడికి, ఏ కొస వినడం లేదో చెప్పడానికి నోరొచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పకుండా ముందుకు పోలేను. వెయ్యి కిలోల కారు, దాని గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున ఉంది, చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లు. కారు బరువుతో సమానమైన బలం పక్కకు లాగేంత గట్టి మలుపు తిరిగిందనుకోండి. లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదకు మారే బరువు దాదాపు 357 కిలోలు. ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడా లేదు! మెత్తటి స్ప్రింగులైనా, ఇనప దిమ్మెలు పెట్టినా ఆ 357 కిలోలు కదలాల్సిందే. స్ప్రింగులూ బార్లూ నిర్ణయించేది ఆ బరువులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నది మాత్రమే. టైరు స్వభావం చూస్తే, దాని మీద బరువు రెండింతలైతే పట్టు రెండింతలు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. కాబట్టి బరువు మార్పిడిలో ఎక్కువ వాటా ఏ కొస మోస్తే ఆ కొస ముందుగా జారుతుంది. కారును ‘గట్టిగా’ చేస్తే అతుక్కుపోతుందన్న నమ్మకం మీద బతికిన దుకాణాలు ఈ ఒక్క లెక్కతో మూతపడాల్సింది. పడలేదు, ఎందుకంటే గట్టి కారు నడిపేవాడికి వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఒంటికి తెలిసేదానితో గడియారానికి సంబంధం లేదు.

యాంటీరోల్ బార్ చరిత్ర స్ప్రింగుల చరిత్రంత పాతది కాకపోయినా చిన్నదేమీ కాదు. కెనడాలో ఫ్రెడరిక్టన్‌కు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ 1919లోనే దాని మీద పేటెంటు పొందాడు. కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ కలిపే వంగిన ఉక్కు కడ్డీ అది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఊరుకుంటుంది, ఒకటే లేస్తే మెలి తిరిగి అడ్డుకుంటుంది. దాని బలం మందానికి నాలుగో ఘాతం. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 పెడితే చూపుకు తేడా తెలియదు, గట్టిదనం మాత్రం 46 శాతం పెరుగుతుంది. 25 పెడితే దాదాపు రెండున్నర రెట్లు. పెట్టిన రూపాయికి ఇంత స్పష్టంగా ఫలం చూపించే సామాను ఇంకొకటి లేదు. ఔత్సాహికులకు బార్ అంటే ప్రాణం ఎందుకో ఇక వేరే చెప్పాలా?

బార్ లేకపోతే ఏమవుతుందో అమెరికా మొత్తం చూసింది. 1960 నమూనాగా వచ్చిన షెవర్లే కార్వెయిర్‌కు ఇంజిను వెనక, వెనక చక్రాలకు ఊగే ఇరుసులు. గట్టి మలుపులో ఆ ఇరుసు చక్రాన్ని లోపలికి మడుచుకునేది. కంపెనీ ముందు బార్ కూడా పెట్టలేదు. దానికి బదులు టైర్లలో గాలితో సరిపెట్టింది: చల్లగా ఉన్నప్పుడు ముందు 15 పౌండ్లు, వెనక 26. అంటే సస్పెన్షన్ ఇంజినీరు చేయాల్సిన పనిలో కొంత పెట్రోలు బంకు కుర్రాడికి అప్పగించారన్నమాట! అతను అన్ని కార్లకూ పట్టినట్టే నాలుగు చక్రాలకూ సమంగా పట్టేవాడు. కార్ల భద్రతా లోపాలను ఎండగడుతూ రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన పుస్తకం ఈ కారు పేరును ఇంటింటి మాట చేసింది. అప్పటికే, 1964 నమూనాకు ముందు బారూ వెనక అడ్డ పట్టీ స్ప్రింగూ చేరాయి. 1965లో వెనక సస్పెన్షనే మారింది. మారిన ఆ కార్వెయిర్లను షెవర్లే డీలరు డాన్ యెంకో 1966లో స్టింగర్ పేరుతో పోటీ కార్లుగా తీర్చాడు. పుస్తకం తిట్టిన కారు మైదానంలో ముద్దుబిడ్డ కావడం అమెరికా విచిత్రాల్లో ఒకటి.

అదే 1965లో ఫోర్డ్ ముస్టాంగ్ ఆధారంగా షెల్బీ జీటీ350 వచ్చింది. ఔత్సాహికులకు అది నడిచే పాఠ్యపుస్తకం. ఫోర్డ్ ఇంజినీరు క్లాస్ ఆర్నింగ్ ముందు సస్పెన్షన్ లెక్కలు వేసి, పైచేయి బిగించే చోటును ఒక అంగుళం కిందకి దింపమన్నాడు. కొత్త సామాను ఏదీ అక్కర్లేదు, కొలత తెలిసి కొత్త రంధ్రాలు తొలిస్తే చాలు. మలుపులో బాడీ ఒరిగినా బయటి టైరు నేలకు మరింత నిలువుగా నిలబడింది. దానికి తోడు అంగుళం మందం ముందు బార్, సర్దుబాటు చేసుకోగల కోనీ షాకబ్జర్లు. ఖర్చు తగ్గించడానికి తర్వాతి కార్లలో ఆ అంగుళం మార్పును మానేశారు, కోనీలను అదనపు సొమ్ము చెల్లించేవాళ్లకు పరిమితం చేశారు. అయినా పాత ముస్టాంగ్ కొన్న కుర్రాడు మొదట చేసే పని ఈనాటికీ ఆ రంధ్రాలు తొలవడమే. డ్రిల్లు మిషను ఖర్చుతో అయ్యే ఇంత మంచి మార్పు ఈ డెబ్బయ్యేళ్లలో ఇంకొకటి నాకు తెలియదు.

కోనీ సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. నెదర్లాండ్స్‌లోని ఆ కంపెనీ 1857లో గుర్రపు బళ్ల సామానుతో మొదలైంది. జర్మనీలో బిల్‌స్టీన్ 1873లో కిటికీల బిగింపు సామానుతో మొదలైంది. గుర్రాల సామాను ఒకరిది, కిటికీల సామాను ఇంకొకరిది. వందేళ్లకు ఇద్దరూ పార్కింగ్ స్థలంలో కోన్‌ల మధ్య ఎదురుపడ్డారు. బిల్‌స్టీన్ బలం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూర్సియె ద కార్బన్ ఆలోచనలో ఉంది. ఒకే గొట్టం, నూనె వెనక ఒత్తిడితో బంధించిన వాయువు. నూనె నురగెత్తదు, కాబట్టి పదో కుదుపుకూ మొదటి కుదుపుకున్నంత బలం ఉంటుంది. కోనీ బలం వేరు. బిగింపును మనమే మార్చుకోవచ్చు. మొదట్లో అది తేలిక పని కాదు. షాకబ్జరు విప్పి, కడ్డీని అడుగుదాకా నొక్కి, లోపలి పన్ను తగిలేలా చూసి తిప్పాలి. తర్వాత పైన మీట వచ్చింది.

1973లో స్పోర్ట్స్ కార్ క్లబ్ మొదటి జాతీయ పోటీ జరిగింది. ఆటోక్రాస్ అప్పటినుంచి క్లబ్బు కాలక్షేపం కాదు, దేశమంతటికీ ఒకే నిబంధనల పుస్తకం ఉన్న క్రీడ. నా దృష్టిలో సస్పెన్షన్ చరిత్రలో అసలు మలుపు ఇదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాల్సిన స్టాక్ తరగతిలో స్ప్రింగులు ముట్టుకోకూడదు. షాకబ్జర్లు మార్చుకోవచ్చు. ముందు యాంటీరోల్ బార్ మార్చుకోవచ్చు. స్ప్రింగులు కూడా మార్చాలనుకుంటే పై తరగతికి పోవాలి, అక్కడ ఇంకా ఎక్కువ మార్చినవాళ్లతో తలపడాలి. ఇది ఖర్చు అదుపులో పెట్టడానికి రాసిన నిబంధనే గాని, ఒక తరం ఔత్సాహికులకు బలవంతపు చదువు చెప్పింది. స్ప్రింగు గట్టి చేసే దారి మూసేస్తే, మెత్తటి స్ప్రింగు మీద బరువు ఎంతసేపట్లో ఎటు జరుగుతుందన్నది షాకబ్జరుతో ఎలా శాసించాలో నేర్చుకోక తప్పలేదు.

ఆ చదువు ఎందుకు కావాలో చూడండి. కోన్‌కీ కోన్‌కీ 20 మీటర్లు అనుకుందాం. 72 కిలోమీటర్ల వేగంలో సెకనుకొక కోన్. అంటే ప్రతి సెకనుకూ బరువంతా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారాలి. కారు ఎడమకు ఒరగడం పూర్తయ్యేలోపే కుడికి తిప్పే సమయం వస్తుంది. పెద్ద ట్రాక్ మీద మలుపు నాలుగైదు సెకన్లు సాగుతుంది, కారు ఒరిగి కుదురుకుంటుంది, అక్కడ స్ప్రింగులదీ బార్లదీ రాజ్యం. ఆటోక్రాస్‌లో కుదురుకునే క్షణమే రాదు. అందరూ బార్ మందం గురించి కొట్లాడుకుంటుంటే గెలిచినవాళ్లు నిశ్శబ్దంగా షాకబ్జర్లు విప్పించి, లోపలి వాల్వు పలకలు మార్పించి తెచ్చుకున్నారు. షాకబ్జరు నెమ్మదిగా, సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదిలే దశలోనే బాడీ ఒరిగే తీరు తేలిపోతుంది. గతుకులు తగిలినప్పుడు కదలిక దానికి ఎన్నో రెట్ల వేగం. మొదటిదాన్ని బిగించి రెండోదాన్ని వదులుగా ఉంచగలిగినవాడిదే పైచేయి.

ఆ దశకంలోనే ప్రభుత్వ నిబంధన ఒకటి పాపం ఎంజీబీ నడుం విరిచింది. అమెరికా బంపరు ఎత్తు నిబంధనల కోసం 1974 చివర్లో ఆ కారును ఒకటిన్నర అంగుళం లేపారు. పైగా ముందు బార్ తీసేశారు. గరిమనాభి ఎత్తు పెరిగితే ఇందాకటి లెక్కలో బరువు మార్పిడి కూడా పెరుగుతుంది. కారు పడవలా ఊగింది. 1977 నమూనాకు ముందూ వెనకా బార్లు పెట్టాక గాని తేరుకోలేదు. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకు భయపడి స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి కారు లేపే అలవాటు ఉన్నవాళ్లు ఎంజీబీ కథ ఒకసారి తలుచుకోవాలి.

పుస్తకాలు కూడా అప్పుడే వచ్చాయి. కారోల్ స్మిత్ ‘ట్యూన్ టు విన్’ 1978లో వెలువడింది. రేసు మెకానిక్కు నోటినుంచి వచ్చినట్టుండే రాత, మధ్యలో చీవాట్లు. దానికి కొద్దికాలం ముందే ఫ్రెడ్ పూన్ పుస్తకం ఇంటి గ్యారేజీలో పనిచేసుకునేవాడి కోసం వచ్చింది. ఓలీ నాటి జ్ఞానం ఔత్సాహికుడి బల్ల మీదకు చేరడానికి నలభై ఏళ్లు పట్టింది.

1980లలో ఆట ముందు చక్రాల నడకకు మారింది. ఫోక్స్‌వాగన్ ర్యాబిట్ జీటీఐ 1983 నమూనాగా అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1988 నుంచి 1991 దాకా వచ్చిన హోండా సీఆర్‌ఎక్స్‌ను ఈ మైదానాల్లో ఇప్పటికీ పేరుపెట్టి తలుచుకుంటారు. ఈ కార్లకు ఒకే జబ్బు. ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి, పైగా లోపలి ముందు చక్రం బరువు కోల్పోయి ఖాళీగా గిర్రున తిరుగుతుంది. మందు వెనక ఉంది. వెనక బార్ గట్టి చేస్తే బరువు మార్పిడిలో పెద్ద వాటా వెనక చక్రాలు మోస్తాయి, ముందు చక్రాలకు ఊపిరి దొరుకుతుంది. పరాకాష్ఠలో లోపలి వెనక చక్రం గాలిలోకి లేస్తుంది. కుక్క స్తంభం దగ్గర కాలెత్తినట్టు మూడు చక్రాల మీద మలుపు తిరిగే ఆ ఫొటోలు చూసి బయటివాళ్లు కారు పల్టీ కొడుతుందని భయపడేవారు. నడిపేవాళ్లకు అది సరైన అమరికకు గుర్తు.

మాజ్డా మియాటాను 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో చూపించారు. టన్ను లోపు బరువు, వెనక చక్రాల నడక, నాలుగు మూలలా జంట చేతుల సస్పెన్షన్. ఆటోక్రాస్ కోసమే ఎవరో కలగని తయారుచేసినట్టుంది. ఇంకో పరిణామం కూడా ఈ కాలానిదే. స్టాక్ తరగతిలో స్ప్రింగు మార్చకూడదు కదా, అయితే మంచి స్ప్రింగును ఫ్యాక్టరీయే పెడితే? కంపెనీలు ఆ సందు పట్టుకున్నాయి. షెవర్లే కమారోకు 1ఎల్ఈ, 1994 మియాటాకు బిల్‌స్టీన్లతో వచ్చిన ఆర్ ప్యాకేజీ, డాడ్జ్ నియాన్‌కు ఏసీఆర్. ఆ మూడక్షరాల విస్తరణే ‘అమెరికన్ క్లబ్ రేసర్’. సస్పెన్షన్ ఎంచుకోవడమంటే సామాను కొనడం కాదు, కారు కొనేటప్పుడు ఆర్డరు కాగితంలో ఏ గడిలో టిక్కు పెట్టామన్నది. ఈ తెలివి తెలిసినవాళ్లు పాత కార్లు వెతికేటప్పుడు ఇంజిను చూసేకన్నా ముందు ఆ గడి చూస్తారు.

2000 ప్రాంతంలో వాతావరణం మారింది. 1997లో గ్రాన్ టురిస్మో ఆట, 2001లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా చూసి పెరిగిన కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల కోసమే అన్నట్టు స్ట్రీట్ టూరింగ్ తరగతులు పుట్టాయి. రోడ్డు టైర్లు తప్పనిసరి, స్ప్రింగులు మాత్రం స్వేచ్ఛ. జపాను, తైవాను నుంచి మరతిప్పితే ఎత్తు మారే కాయిలోవర్లు కుప్పలుగా దిగాయి. చదువుకోసం అమెరికా వెళ్లిన మన పిల్లలు ఎంతోమంది ఈ అలలోనే తడిశారు. నేనూ తడిశాను. పాత మియాటా కొన్న మూడో వారంలోనే మిల్లీమీటరు నొక్కడానికి 8 కిలోలు కావాల్సిన స్ప్రింగులున్న కాయిలోవర్లు పెట్టించి, చక్రం పైన వేలు దూరనంత కిందకి దించాను. కారు అందంగా ఉంది, గోకార్టులా ఉంది. పరుగు సమయం మాత్రం పెరిగింది. కారణం గ్రహించడానికి ఒక సీజను పట్టింది. అంత కిందకి దిగాక సస్పెన్షన్ ప్రయాణం అంగుళం కూడా మిగల్లేదు. మలుపులో బయటి చక్రం రబ్బరు అడ్డు మీద కూర్చునేది. అప్పుడు స్ప్రింగు లేనట్టే లెక్క, ఆ కొస టక్కున జారిపోయేది. ఇంకో మాట: స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిదైతే, బాడీ అదే తీరులో కుదురుకోవడానికి షాకబ్జరు బలం రెండు రెట్లు కావాలి. నేను కొన్న చవకరకంలో మరలు ముప్పై రెండు క్లిక్కులు తిరిగేవి గాని, మొదటి క్లిక్కుకూ చివరి క్లిక్కుకూ తేడా నా వీపుకు తెలియలేదు.

దించడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆ తరం చేసిన పెద్ద పొరపాటు అదే. మాక్‌ఫర్సన్ స్ట్రట్ అనే అమరిక 1940ల చివర్లో ఎర్ల్ మాక్‌ఫర్సన్ చేతిలో రూపుదిద్దుకుంది. 1950 ఫోర్డ్ కాన్సల్‌తో జనంలోకి వచ్చింది. చవక, చోటు తక్కువ. అందుకే సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ నుంచి మామూలు సెడాన్ల దాకా ముందు అదే ఉంటుంది. దాని బలహీనత ఏమంటే, బాడీ ఒరిగినప్పుడు బయటి టైరు పైభాగం కూడా బయటికి వాలిపోతుంది, అంచుమీద నడుస్తుంది. కారును మరీ దించితే కింది చేయి చక్రం వైపు పైకి వాలుతుంది, ఆ బలహీనత ఇంకా పెరుగుతుంది. గరిమనాభి ఒక అంగుళం దిగితే, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. ఫలితం: దించిన కారు దించనిదానికన్నా ఎక్కువగా ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు, ఆ స్ప్రింగును పట్టుకోవడానికి ఇంకా ఖరీదైన షాకబ్జరు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

2014లో స్టాక్ తరగతి పేరు స్ట్రీట్‌గా మారింది. పేరుకన్నా పెద్ద మార్పు టైర్లలో జరిగింది. అప్పటిదాకా ఆ తరగతిలో ఫ్యాక్టరీ కార్లకు కూడా జిగురులా అతుక్కునే పోటీ టైర్లు వేసుకునేవారు. అవి పోయి, ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకె ఉన్న రోడ్డు టైర్లు తప్పనిసరి అయ్యాయి. కొద్దికాలానికే 200 అన్న అంకె ప్రామాణికమైంది. మరుసటి ఏడాది బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్ లాంటివి వచ్చి రోడ్డు టైరు అన్న మాటకే కొత్త అర్థం చెప్పాయి. బార్ విషయంలోనూ పట్టు సడలింది. ముందుదే కానక్కర్లేదు, ముందుదో వెనకదో ఏదో ఒకటి మార్చుకోవచ్చు.

ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే పుస్తక జ్ఞానానికీ మైదాన జ్ఞానానికీ తేడా బయటపడుతుంది. ముందు జారుతున్న కారుకు ముందు బార్ గట్టిచేస్తే ఇంకా జారాలి. పుస్తకం అలాగే చెబుతుంది, ఇందాకటి నా లెక్క కూడా అలాగే చెబుతుంది. కాని స్ట్రట్ ఉన్న కార్లలో, స్ప్రింగులు ముట్టుకోకూడని తరగతిలో, ముందు మందపాటి బార్ వేస్తే చాలాసార్లు ముందు పట్టు పెరుగుతుంది. బరువు మార్పిడి వల్ల పోయేదానికన్నా, ఒరగడం తగ్గి టైరు నిలువుగా నిలబడడం వల్ల వచ్చేది ఎక్కువ కాబట్టి. నాలుగు పరుగుల తర్వాత టైరు అంచులు చూస్తే జవాబు అక్కడే ఉంటుంది. బయటి అంచు అరిగి చెక్కలూడుతుంటే ఒక జవాబు, లేకపోతే ఇంకొక జవాబు. ఎవరైనా నన్ను సలహా అడిగితే సామాను పేరు చెప్పేముందు టైరు చూపించమంటాను. తర్వాత నిబంధనల పుస్తకంలో వాళ్ల తరగతి పేజీ తీయమంటాను. మొదటి ఏడాది మంచి టైర్లు తప్ప ఏదీ కొనొద్దంటాను. రెండో ఏడాది అరిగిన షాకబ్జర్ల స్థానంలో రీబౌండ్ (సాగేటప్పటి బిగింపు) సర్దుకోగలిగేవి, వాటితో ఒక బార్. స్ప్రింగుల ఊసు ఎత్తితే మాట మారుస్తాను. ఇందులో నా సొంత నష్టాల ప్రభావం ఉందని ఒప్పుకుంటాను.

ఇప్పుడు మరతిప్పే పని కూడా పోతోంది. అయస్కాంత క్షేత్రంతో నూనె చిక్కదనం మార్చే షాకబ్జర్లు 2002 కాడిలాక్ సెవిల్‌లో మొదట వచ్చాయి, మరుసటి ఏడాది నమూనాతో కార్వెట్‌కు చేరాయి. టెస్లా మోడల్ 3 లాంటి విద్యుత్ కార్లు ఎనిమిది వందల కిలోల అదనపు బరువుతో మియాటాల పక్కన నిలబడుతున్నాయి. బ్యాటరీ నేలబారుగా ఉండడం వల్ల గరిమనాభి కిందకి దిగింది, పాత లెక్కలో ఎత్తు తగ్గి బరువు పెరిగింది. వీటికి ఏ షాకబ్జరు ఎంత బిగించాలన్నది ఇంకా మైదానంలో తేలుతున్న విషయం.

2009 నుంచి జాతీయ పోటీ నెబ్రాస్కాలోని లింకన్‌లో జరుగుతోంది. 1966లో మూసేసిన వైమానిక స్థావరపు కాంక్రీటు అది. రెండో ప్రపంచయుద్ధపు విమాన పట్టీ మీద చెన్నై పక్క షోలవరంలో కార్లు పరిగెత్తిన రోజులు మనకూ ఉన్నాయి. యుద్ధాలు వదిలేసిన కాంక్రీటు అక్కడా ఇక్కడా కార్ల ఆటకే దక్కింది. లింకన్‌కు వెయ్యిమందికి పైగా వస్తారు. రెండు రోజులు, రెండు దారులు, ఒక్కో దారిలో మూడు పరుగులు. ఏడాదంతా పెట్టిన ఖర్చుకు అక్కడ దక్కేది ఆరు పరుగులు, ఆరేడు నిమిషాలు. పరుగుకూ పరుగుకూ మధ్య దొరికే కాస్త వ్యవధిలో ఒకరు టైర్ల మీద నీళ్లు చల్లి వేడి దించుతారు. ఇంకొకరు షాకబ్జరు మరను రెండు క్లిక్కులు తిప్పి, సరిపోయిందో లేదోనని ఒక క్లిక్కు వెనక్కి తిప్పుతారు. మూడోవాడు మోకాళ్ల మీద కూర్చుని గేజీ పెట్టి ముందు టైర్లలోంచి ఒక పౌండు, వెనక టైర్లలోంచి రెండు పౌండ్లు గాలి వదులుతుంటాడు. ఈలోగా అతని నంబరు పిలుస్తారు.